అత్తగారి కొలతలు

మాస్టరమ్మకి తెలియని పనులు ఉండొచ్చు గానీ, చేతకాని పని ఒకటుందని ఆవిడ ఇంతవరకు ఒప్పుకోలేదు. కుట్టుపని చేసే ఆడమనిషిని ఆ వీధిలో మొదట ఎవరు మాస్టరమ్మ అన్నారో తెలియదు. ఆవిడ కత్తెర పట్టుకునే తీరు చూశాక ఇంకో పిలుపు ఎవరి నోటా రాలేదు, అంతే. గుడ్డ మీద సుద్దగీత గీశాక మళ్లీ చూసుకునే అలవాటు ఆవిడకి లేదు. "చూసుకోవాల్సిందేదో గీయకముందే చూసుకోవాలి" అంటుంది. అంత నమ్మకమున్న మనిషి పక్కన కూర్చుంటే మనకీ కాస్త ధైర్యం వస్తుంది. మరీ ఎక్కువసేపు కూర్చుంటే ఒళ్లు మండుతుంది కూడా.

ఇంటి ముందుగదే దుకాణం. వీధివైపు అద్దాల తలుపు, దాని వెనక కటింగ్ బల్ల, గోడవారగా రెండు మిషన్లు, మూలన ఒక పాత కంప్యూటరు, దాని పక్కన ప్రింటరు. ఎదురుగోడకి వరసగా మేకులు. ఒక్కో మేకుకీ ఒక్కో ఖాతాదారు అట్ట నమూనాలు వేలాడుతుంటాయి. ఎవరి నడుము ఎంత పెరిగిందో, ఎవరి భుజం ఎటు వాలిందో ఆ గోడకి తెలిసినంత వాళ్ల డాక్టర్లకి కూడా తెలియదు. ఇంట్లోవాళ్లవీ అక్కడే ఉన్నాయి. లారీ మీద ఊళ్లు తిరుగుతూ, ఇంటికొచ్చిన రోజంతా నిద్రపోయే భర్తవి ఉన్నాయి. పైగదిలో ఉండే మరిదివి ఉన్నాయి. అత్తగారివి మాత్రం లేవు.

అత్తగారు బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. ఈలైతే వదిలేసింది గానీ ఆ గొంతు వదల్లేదు. ఆవిడ "ఊఁ" అంటే వీధి చివర పాలవాడు కూడా సైకిలు దిగి నిలబడతాడు. అలాంటి మనిషికి రొమ్ములో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేశారు. చంక కింద కూడా కొంత తీయాల్సి రావడంతో ఎడమ చెయ్యి పైభాగం వాచి, ఆ వాపు ఒక పట్టాన దిగలేదు. ప్రాణం దక్కింది, అందరూ సంతోషించారు. ఆ తర్వాత ఆవిడ ఏం తొడుక్కోవాలన్నది మాత్రం ఎవరికీ తట్టలేదు. పాత జాకెట్లు ఒకవైపు ఖాళీగా వేలాడేవి, చంక దగ్గరేమో పట్టేసేవి.

తట్టింది మాస్టరమ్మకే. ఒక మధ్యాహ్నం దుకాణం తలుపు మూసి, తెర లాగి, అత్తగారిని నిలబెట్టి కొలిచింది. కోడలు కొలతలు తీసినంతసేపూ ఆవిడ గోడవైపే చూస్తూ నిలబడింది. టేపు చుట్టేశాక అంది: "ఇదే మొదలు, ఇదే ఆఖరు. మళ్లీ నన్నిలా నిలబెట్టకు. ఆ అట్టలు గోడకి తగిలించకు. సగం మనిషిని వచ్చేపోయేవాళ్లంతా చూడక్కర్లేదు."

"అలాగే అత్తయ్యా" అని మాటిచ్చింది కోడలు. అందుకే ఆ నమూనా అట్ట మీదికి ఎక్కలేదు. కంప్యూటర్లో, దర్జీల కోసం తయారుచేసిన ఒక ప్రోగ్రాములో గీసుకుంది. కుడి భాగం వేరు, ఎడమ భాగం వేరు. కుడివైపు ఒంపు కోసం రెండు టక్కులు, ఎడమవైపు ఒక్కటీ లేదు. ఎడమ చంక వెడల్పు, లోపల మెత్త పెట్టుకునేందుకు సంచి. అత్తగారు తన గదిలో తొడుక్కుని చూసి ఎక్కడ పట్టిందో చెబుతుంటే, నాలుగైదుసార్లు కుట్టి విప్పి, విప్పి కుట్టి, మిల్లీమీటర్లు సవరించి సవరించి నిలబెట్టిన నమూనా అది. ఆ జాకెట్టు పూర్తయి, తొడుక్కున్న రోజున అత్తగారు ఏమీ అనలేదు గానీ, తనతో పనిచేసిన పాత టీచర్లతో కలిసి పొద్దుటిపూట నడవడానికి వెళ్లింది. కోడలికి ఆ మెప్పు చాలు.

కాలం గడిచింది. జాకెట్లు ఉతికి ఉతికి పీచు తేలాయి. అత్తగారు నోరు తెరిచి కొత్తవి కావాలని అడిగే రకం కాదు. ముందు ఎండలో కూడా శాలువా కప్పుకోవడం మొదలుపెట్టింది. తర్వాత నడకకి వెళ్లడం తగ్గించింది. ఆ తర్వాత పూర్తిగా మానేసి, "మోకాళ్లు" అని ఒక్క మాట పడేసింది. మోకాళ్లకి ఏ రోగమూ లేదని ఇంట్లో అందరికీ తెలుసు.

పాత జాకెట్టునే ఆదిగా పెట్టుకుని కుట్టెయ్యొచ్చు కదా అనొచ్చు మీరు. కుట్టేవాళ్లెవరూ అలా అనరు. సాగిపోయిన జాకెట్టు గుడ్డ కొలత చెబుతుంది గానీ మనిషి కొలత చెప్పదు. మామూలు ఒంటికైతే అటూ ఇటూ సర్దుకోవచ్చు, ఈ ఒంటికి పిసరంత తేడా వచ్చినా మళ్లీ పట్టేస్తుంది, మళ్లీ వేలాడుతుంది. మళ్లీ కొలవడమా, మాటిచ్చింది కదా. ఇక మిగిలిన దారి ఒక్కటే, ఆ కంప్యూటర్లో ఉన్న నమూనా.

సరిగ్గా అప్పుడే కంప్యూటరు పడకేసింది.

మరిది కంప్యూటర్లకీ కేబుళ్లకీ మరమ్మతులు చేస్తాడు. చేతిలో విద్య ఉంది, నోట్లో వెటకారం ఉంది. మూత విప్పి చూసి, "వదినా, దీంట్లో ఉన్న సిస్టం దీని ఒంటికి బరువైపోయింది. కొత్తది కొనుక్కో" అన్నాడు.

"కొత్తదాంట్లో నా ప్రోగ్రాము నడుస్తుందా?"

"చెప్పలేను. అది తాతల కాలంనాటిది. దాన్ని చేసిన కంపెనీయే ఇప్పుడు లేదు."

"మరైతే కొత్తదెందుకు నాకు? దీన్నే లేపు."

లేపాడు. పాపం, ఆ మాట ఒప్పుకోవాలి. ముందు ఆవిడ నమూనాలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పక్కన పెట్టాడు. తర్వాత లినక్స్ అని, ఊరికే దొరికే తేలికపాటి సిస్టం ఒకటి వేశాడు. ముసలి కంప్యూటరుకి బరువు కోటు విప్పి పల్చటి చొక్కా తొడిగినట్టయింది. మీట నొక్కితే చాలు, లేచి కూర్చుంటోంది. మాస్టరమ్మ పొంగిపోయి తన ప్రోగ్రాము సీడీ పెట్టింది. సీడీలోని ఫైలుని దేంతో తెరవమంటారు అని సిస్టం అమాయకంగా ఎదురు ప్రశ్న వేసింది.

"అది వేరే సిస్టం కోసం రాసిన ప్రోగ్రాము. దాని మాట దీనికి అర్థం కాదు" అన్నాడు మరిది. "మధ్యలో వైన్ అని ఇంకో సాఫ్ట్‌వేరు వెయ్యాలి. అటు మాట ఇటు, ఇటు మాట అటు చెబుతూ ఉంటుంది. వేసినా నడుస్తుందో లేదో నమ్మకం లేదు. నేను పొరుగూరు వెళ్తున్నా, కొత్త ఆసుపత్రిలో కేబుళ్ల పని. వచ్చాక చూస్తా. ఈలోగా నువ్వు దాన్ని ముట్టుకోకు. ఉన్నది కాస్తా పోతుంది."

మాస్టరమ్మతో అనకూడని మాటంటూ ఒకటుంటే అది 'ముట్టుకోకు'. మరిదికి ఆ సంగతి తెలుసు. తెలిసీ అన్నాడంటే ఆ పాపం అతనిదే.

మర్నాడు మధ్యాహ్నం దుకాణం మూసే వేళకి ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుంది. ఒళ్లో ఫోను, ఫోనులో ఎవరో మహానుభావుడు కొత్తవాళ్ల కోసం వరసక్రమంలో రాసిపెట్టిన పేజీ. మొదట టెర్మినల్ తెరవమన్నాడు. తెరిస్తే ఒక నల్ల కిటికీ వచ్చింది. బొమ్మల్లేవు, బొత్తాల్లేవు, ఒక గీత మాత్రం మినుకుమినుకుమంటోంది. ఇంకొకరైతే అక్కడే దండం పెట్టి లేచేవారు. ఈవిడ కళ్లజోడు సర్దుకుని, పేజీలో ఉన్న మొదటి వాక్యం ఒక్కో అక్షరమే కొట్టి ఎంటర్ నొక్కింది. పాస్‌వర్డ్ అడిగింది. కొడుతుంటే తెర మీద ఒక్క అక్షరం పడలేదు. కీబోర్డు చచ్చిందనుకుని రెండు తట్లు తట్టింది. మళ్లీ కొట్టింది, మళ్లీ ఏమీ లేదు. పేజీలో కింద చూస్తే, పాస్‌వర్డ్ కనబడదు, భయపడకండి అని రాసుంది.

"భయపడ్డానని ఎవరన్నారు?" అంది మాస్టరమ్మ ఆ పేజీతో.

లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఎవరితో మాట్లాడుతున్నావమ్మాయ్?"

"వైన్ ఎక్కిస్తున్నా అత్తయ్యా."

"పట్టపగలా?"

"కంప్యూటరుకండీ."

అవతల పేపరు మడిచిన చప్పుడైంది. "దానికైతే ఫరవాలేదు" అంది అత్తగారు. కోడలు తనకోసమే ఈ తంటాలు పడుతోందని ఆవిడకి తెలియదు. ఏవో పాత నమూనాలు కావాలట అని మాత్రం తెలుసు.

ఇక్కడే మాస్టరమ్మ తప్పులో కాలేసింది. ఆ తప్పు దర్జీ తప్ప ఇంకొకరు చేసేది కాదు. పేజీలో ఆ మహానుభావుడు ఇలా రాశాడు: ఈ సాఫ్ట్‌వేరులో రెండు రకాలున్నాయి, ముప్పై రెండు బిట్లది, అరవై నాలుగు బిట్లది. ముందు ముప్పై రెండుకి ఫలానా వాక్యంతో దారి తెరవండి, తర్వాత రెండూ వేసుకోండి. ఆవిడ ఆ రెండు అంకెలూ చూసింది. చిన్నదీ పెద్దదీ రెండూ ఎందుకు? పెద్దదొక్కటి చాలదూ? పెద్దగా కత్తిరించిన గుడ్డని లోపలికి మడిచి కుట్టుకోవచ్చు, చిన్నగా కత్తిరిస్తే అతుకు వెయ్యాల్సిందే. మార్జిన్ ఎప్పుడూ పెద్దదానివైపే వదలాలి. కత్తెర పట్టిన తొలి రోజున నేర్చుకున్న పాఠం అది. ముప్పై రెండు తాలూకు వాక్యం దాటేసి, అరవై నాలుగొక్కటీ వేసేసింది. నల్ల కిటికీలో అక్షరాలు బారులు తీరి పరుగెత్తాయి. ఆఖరికి ఆగాయి. ఎక్కడా తప్పన్న మాట లేదు. ఆవిడకి గర్వం పట్టలేక లేచి ఒక గ్లాసు నీళ్లు తాగి వచ్చింది.

నమూనాలన్నీ పెన్‌డ్రైవ్‌లోంచి వైన్ తయారుచేసుకున్న ఫోల్డర్లోకి దింపింది. సీడీ పెట్టి ఇన్‌స్టాల్ బొమ్మ మీద నొక్కింది. ఏమీ జరగలేదు. మళ్లీ నొక్కింది. బాణం గుర్తు కాస్త తిరిగి ఊరుకుంది. సీడీ తీసి మెత్తటి లైనింగు ముక్కతో తుడిచి మళ్లీ పెట్టింది. సీడీ మెరిసింది గానీ ప్రోగ్రాము కదల్లేదు. అలా మూడు నాలుగు మధ్యాహ్నాలు పోయాయి. నొక్కడం, తుడవడం, ఎదురుచూడటం. ఆ రోజుల్లోనే ఒకనాడు పాత టీచర్లలో ఒకావిడ తలుపు దగ్గరికొచ్చి, నడకకి రమ్మని పిలిచింది. అత్తగారు శాలువా మెడదాకా లాక్కుని, "మోకాళ్లు" అంది. మిషను మీద పని చేసుకుంటున్న మాస్టరమ్మ ఆ మాట వింది. ఆ మధ్యాహ్నం మరిదికి ఫోను చేసింది.

"ముట్టుకోవద్దన్నానా?" అన్నాడు అతను, అంతా విని.

"ముట్టుకున్నాను. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

అతను నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం కంటే ముచ్చట ఎక్కువుంది. "బొమ్మ మీద నొక్కితే అది తిట్టేది మనకి వినపడదు వదినా. నల్ల కిటికీలోంచి నడుపు. ఎందుకు కదలనంటోందో అదే చెబుతుంది. చెప్పింది పూర్తిగా చదువు, సగం చదివి ఆపకు."

నడిపింది. నిజంగానే చెప్పింది. ఇంగ్లీషులో నాలుగు వరసలు. ఒక్కో మాటా కూడబలుక్కుని, రానివి ఫోనులో అర్థం చూసుకుని చదివితే తేలిందేమిటంటే, మీ ప్రోగ్రాము ముప్పై రెండు రకంది, ఆ ముప్పై రెండు మీ దగ్గర లేదు, ముందు ఫలానా వాక్యంతో దారి తెరిచి దాన్ని వేసుకోండి అని. ఆ ఫలానా వాక్యం ఏదో కాదు, తను దాటేసిన వాక్యమే.

మాస్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. మార్జిన్ సంగతి కాదన్నమాట ఇది. గుండీ, కాజా సంగతి. కాజా పెద్దదైతే గుండీ సులువుగా దూరుతుంది, అంతకంటే సులువుగా జారిపోతుంది. ఈ గుండీకి ఈ కాజాయే కావాలి. ఆ పాటి విషయం తనకి తట్టనందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపంలోనే దాటేసిన వాక్యం కొట్టింది, ముప్పై రెండు వేసింది.

ఇంకా ఒక పేచీ మిగిలింది. అరవై నాలుగు ఒక్కటే ఉన్నప్పుడు వైన్ తయారుచేసుకున్న ఆ పాత ఫోల్డరు పనికిరాదట, చెరిపేసి కొత్తది చేసుకోమని పేజీలో రాసుంది. తప్పు కుట్టు విప్పడం ఆవిడకి కొత్తేమీ కాదు. చెరిపే వాక్యం మొత్తం కొట్టేసింది. ఎంటర్ మీద వేలు పెట్టాక ఒకటి గుర్తొచ్చింది. నమూనాలన్నీ దింపింది ఆ ఫోల్డర్లోకే. పెన్‌డ్రైవ్‌లో ఇంకా ఉన్నాయా? దింపినప్పుడు అక్కడ మిగిలాయా, అక్కణ్ణుంచి కూడా ఖాళీ అయిపోయాయా? ఇది పోతే అత్తగారి ఒంటి కొలత ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. ముట్టుకోకు అన్నవాడి ముఖం కళ్ల ముందు కదిలింది. వేలు తీసేసింది. పెన్‌డ్రైవ్ పెట్టి, తెరిచి, ఒక్కో పేరూ చూసుకుంటూ కిందికి దిగింది. ఆఖరున 'టీచర్ గారు' అని ఉంది. మళ్లీ మొదటినుంచీ చూసుకుంది. గీశాక రెండోసారి చూసుకోని మనిషి మూడోసారి కూడా చూసుకుంది. అప్పుడు నొక్కింది ఎంటర్.

ఈసారి సీడీ పెట్టి నడిపితే, ఒక చిన్న కిటికీ లేచి, స్వాగతం అంది. సరే, సరే, సరే అని నొక్కుకుంటూ పోయింది. ప్రోగ్రాము తెరుచుకుంది. అక్షరాలు చీమల్లా ఉన్నాయి, ఒక బొత్తాం మీద రాతకి బదులు డబ్బాలు పడ్డాయి. ఆ బొత్తాం ఎక్కడుందో, ఏం చేస్తుందో ఆవిడ వేళ్లకి తెలుసు, రాత ఎవరిక్కావాలి. 'టీచర్ గారు' తెరిచింది. తెల్లటి తెర మీద రెండు భాగాలు ప్రత్యక్షమయ్యాయి. కుడి భాగం, రెండు టక్కులతో. ఎడమ భాగం, చదునుగా, వెడల్పు చంకతో. ఒక్క గీత కూడా చెదరలేదు. మాస్టరమ్మ చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుని, చప్పుడు రాకుండా నవ్వింది.

అంతటితో సంబరపడి కత్తెర అందుకోలేదు, అంత తెలివితక్కువది కాదు. ముందు పరీక్షకి ఒక చదరం ముద్రించి స్కేలు పెట్టి కొలిచింది. ప్రతివైపూ పిసరంత తక్కువ వచ్చింది. అంత తక్కువతో కుడితే చంక మళ్లీ పట్టేస్తుంది. వెతికితే, ప్రింటరు తన కాగితంలో సరిపోయేలా బొమ్మని కుదించుకుంటోందని తేలింది. అలా కుదించమనే చోట ఉన్న టిక్కు తీసేసి మళ్లీ ముద్రించింది. స్కేలుకీ చదరానికీ వెంట్రుకవాసి తేడా లేదు. పాఠం నేర్చుకున్న వేళ్లు కాబట్టి ఇంకోసారి కొలిచింది.

ఆ సంతోషంలో వెనక అడుగుల చప్పుడు వినలేదు. చూసేసరికి అత్తగారు కుర్చీ పక్కన నిలబడి ఉంది. మాస్టరమ్మ గభాలున మౌసు అందుకుని కిటికీ మూసెయ్యబోయింది.

"ఉంచు" అంది అత్తగారు.

ఉంచింది. ఆవిడ ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. శాలువా కొంగుతో కళ్లజోడు తుడుచుకుని తెరవైపు వంగింది.

"ఇది నాదా?"

"మీదే అత్తయ్యా. మళ్లీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టకుండా, ఇందులోంచే తీసి కుడదామని..." మాస్టరమ్మకి మాట తడబడింది. ఆ ఇంట్లో అది అరుదైన సంగతి.

అత్తగారు వేలు చాచి, గాజు మీద ఎడమ భాగం అంచు వెంబడి మెల్లగా నడిపింది. మెడ దగ్గర మొదలుపెట్టి, భుజం మీదుగా, చంక చుట్టూ తిప్పి, కిందిదాకా.

"ఇంతేనా?"

"అంతేనండీ."

"ఆపరేషన్ అయ్యాక నేను అద్దంలో చూసుకోలేదు. స్నానం కూడా కళ్లు మూసుకునే చేస్తున్నాను. ఇంకెంత ఘోరంగా ఉందో అనుకున్నాను ఇన్నాళ్లూ." ఆవిడ వేలు తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఒక గీత తిన్నగా ఉంది, ఒక గీత ఒంపుగా ఉంది. అంతేగా."

ఇన్ని మధ్యాహ్నాలు మాస్టరమ్మ ఈ నమూనాకోసం పోరాడింది అత్తగారు మళ్లీ దాన్ని తలుచుకోవాల్సిన పని లేకుండా చేద్దామనే.

అత్తగారు తెరని ఇంకాసేపు చూసి, తప్పుల కాగితం దిద్దే టీచరు మొహం పెట్టింది. "అయితే ఇది తప్పు. ఈ చంక ఇప్పుడింత లేదు. రోజూ చెయ్యి ఎత్తి దించే వ్యాయామం చేస్తున్నానుగా, వాపు సగానికి దిగింది. దీని ప్రకారం కోస్తే గుడ్డ దండగ."

"మరైతే..."

అత్తగారు లేచి, శాలువా తీసి మడిచి కటింగ్ బల్ల మీద పెట్టింది. పీచు తేలిన జాకెట్టుతో గది మధ్యకొచ్చి నిలబడి, రెండు చేతులూ పక్కలకి చాచింది, డ్రిల్లులో పిల్లలకి ఎలా చాచాలో చూపించినట్టే.

"కొలుచుకో" అంది. "కొత్త కొలతలు దాంట్లో ఎక్కించు. ఇకమీద ఏడాదికోసారి కొలుస్తూ ఉండు. ఒళ్లన్నాక ఒక్కలాగే ఉంటుందా ఏమిటి."

మాస్టరమ్మ టేపు తీసి ఎడమ భుజం మీద ఆనించింది. అంకె కనబడలేదు. ముంజేత్తో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

"సరిగ్గా చూడు, తొందరేం లేదు" అంది అత్తగారు.